పావు తక్కువ ఏడుకి మిస్డ్ కాల్

ఆ ఏడాది ఈస్టరుకి ముందు వచ్చే నలభై శ్రమల దినాలు ఫిబ్రవరి పదో తారీఖున వచ్చిపడ్డాయి. వచ్చిపడ్డాయి అనే అంటాను. అప్పటికే ఆరో సెమిస్టరు నా మెడ మీద ఎక్కి కూర్చుని ఉంది. రెండు ల్యాబులు, ఒక మినీ ప్రాజెక్టు, మధ్యలో మిడ్ పరీక్షలు. నాలుగు గంటల నిద్ర దొరికితే ఆ రోజు నాకు పండగే. ఇంట్లో ఎవరైనా "కెజియా" అని పిలిస్తే పలకడానికి కూడా ఓపిక లేక "ఊఁ" అనేసేదాన్ని. ఇది 2016 సంగతి. మా ఇల్లు దుబాయ్‌లోని కరామాలో, పాత బిల్డింగు మూడో అంతస్తు. కాలేజీ ఏమో ఊరికి ఆ చివర, అకడమిక్ సిటీలో. పొద్దున్న ఆరున్నరకి కాలేజీ బస్సెక్కితే ఏడూ నలభైకి దిగేదాన్ని.

మా అమ్మ సుశీలమణి ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియను. సంఘంలో మాత్రం అంతకన్నా పెద్ద ఉద్యోగి. దుబాయ్‌లో ఆదివారం అందరికీ పని రోజే కాబట్టి మా ఆరాధన శుక్రవారం. చర్చి కాంపౌండులో హాలు ఒకటే, భాషలు బోలెడు. మా తెలుగువాళ్ళకి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. మాకు ముందు మలయాళీలు, మా వెనక ఫిలిప్పీన్స్ వాళ్ళు. నాలుగు దాటాక కూడా మేం పాడుతూ ఉంటే వాళ్ళు గిటార్లు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఓపిగ్గా నవ్వేవాళ్ళు. ఆ రెండు గంటల్లో పాస్టరుగారి ప్రసంగం తప్ప తక్కినవన్నీ అమ్మ చేతుల మీద నడిచేవి.

శ్రమల దినాల్లో గొలుసు ప్రార్థన కూడా అమ్మదే. పొద్దున్న అయిదుంబావు నుంచి రాత్రి తొమ్మిదింబావు దాకా తలా ఒక అరగంట, మొత్తం ముప్పై ఇద్దరు. ఎవరు ఎక్కడుంటే అక్కడే మోకరించాలి. నలభై రోజులూ గొలుసు ఎక్కడా తెగకూడదు. తెగకుండా ఉండటానికి అమ్మ ఒక పద్ధతి పెట్టింది. మన అరగంట మొదలవగానే మన ముందున్నవాళ్ళకి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి, అందుకున్నాను అన్నట్టు. అది మోగేదాకా ముందువాళ్ళు మోకాళ్ళ మీంచి లేవకూడదు. ముప్పై రెండు పేర్లూ, నంబర్లూ చార్టు మీద రాసి అమ్మ ఫ్రిజ్ తలుపుకి అంటించింది. మా నాన్న విజయదానం మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తీసినప్పుడల్లా దాన్ని చదివి, "మిస్డ్ కాల్ భక్తి" అని నవ్వేవాడు.

ఆ చార్టులో నా పేరు ఉండాలా వద్దా అన్నదాని మీద ఇంట్లో రెండు రోజులు గొడవ నడిచింది. నేను అందరి పిల్లల్లా చదువుకుంటే చాలని నాన్న. సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసి బహుమతులు తెచ్చిన పిల్ల, కాలేజీకి వెళ్ళగానే ఇంట్లో కుటుంబ ప్రార్థనకి కూడా లేవడం మానేసిందని అమ్మ.

"ఈ సెమిస్టరుకి దాన్ని వదిలెయ్ మణీ. దేవుడెక్కడికీ పోడు" అన్నాడు నాన్న.

"దేవుడు పోడని నాకూ తెలుసండి. పోయేది పిల్లే" అంది అమ్మ.

ఇద్దరూ నా తలుపు ముందే నిలబడి వాదించుకుంటున్నారు. నాకు పొద్దున్నకల్లా రికార్డు రాయాలి. గొడవ ఆగితే చాలని బయటికి వచ్చి, పావు తక్కువ ఏడు నాకిమ్మన్నాను, బస్సులో ఎలాగూ ఖాళీయే కదా అన్నాను. బస్సులో మోకరించడం కుదరదే అని అమ్మ కాసేపు తటపటాయించి, తల వంచుకుంటే చాల్లే అంది. ఆమె మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. నాకు మాత్రం ఆ క్షణంలో భక్తి అనేది ఇసుమంత కూడా లేదు.

చార్టులో నాకు ముందున్న పేరు సువార్తమ్మ. ఆమెది అమలాపురం దగ్గర పల్లెటూరు. మిర్దిఫ్‌లో ఒక విల్లాలో పని. వంటా, ఇద్దరు పిల్లల సంరక్షణా ఆమెదే. వారానికి ఒక్క శుక్రవారం, అదీ మూడు గంటలే ఆమెకి సెలవు. ఇంటి డ్రైవరు చర్చి గేటు దగ్గర దింపి మళ్ళీ తీసుకుపోయేవాడు. తెల్లచీర కట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని చివరి వరసలో గోడవార కూర్చునేది. పాటలప్పుడు అందరికన్నా గట్టిగా పాడేది. ప్రసంగం మొదలైన పది నిమిషాలకి తల గోడకి ఆనేది. ఆమెన్ అన్నప్పుడల్లా ఉలిక్కిపడి లేచి తనూ ఆమెన్ అని మళ్ళీ పడుకునేది.

అమ్మకి అది నచ్చేది కాదు. ముందు వరసలోంచి వెనక్కి తిరిగి, లేపమని నాకు సైగ చేసేది. నేను వెళ్ళి భుజం మీద తట్టేదాన్ని. శ్రమల దినాల్లో వచ్చిన మొదటి శుక్రవారం కూడా అలాగే తట్టాను. కళ్ళు నులుముకుని నవ్వింది.

"ఏం చేయను పాపా, వారం మొత్తానికి నేను కూర్చునేది ఇక్కడే" అంది.

ఆరాధన అయ్యాక చిన్న బటన్ల ఫోను నా చేతికిచ్చి నా నంబరు పెట్టమంది. పేరు చదవడం రాదు కాబట్టి గుర్తుకేదైనా బొమ్మ పెట్టమంది. ఆ ఫోనులో బొమ్మలు లేవు. అందుకని నా ఒక్క నంబరుకీ వేరే రింగు పెట్టాను, పిచ్చుక అరిచినట్టు ఉండేది. ఆమెకి అది భలే నచ్చింది. ఆరుంబావుకల్లా పిల్లల డబ్బాలు సర్దేసి, వాళ్ళని టిఫిన్ ముందు కూర్చోబెట్టి, స్టోర్ రూములో బియ్యం బస్తాల పక్కన మోకరిస్తానని చెప్పింది. పావు తక్కువ ఏడుకి లేచి వాళ్ళకి బూట్లు తొడిగి స్కూలు బస్సెక్కించాలట.

"నీ పిట్ట కూసిందాకా నేను లేవను పాపా. నా కూతురు కూడా నీ ఈడుదే, కాకినాడలో నర్సింగు. అదీ కాలేజీ బస్సులోనే పోద్ది. మీ ఇద్దరి పేర్లూ చెప్పే మొదలెడతాను" అంది.

మొదటి వారం నిజంగానే ప్రార్థన చేశాను. పావు తక్కువ ఏడుకి మిస్డ్ కాల్ ఇచ్చి, కిటికీకి తల ఆనించి, అమ్మ రాసిచ్చిన ప్రార్థన మనవులు ఒక్కొక్కటే చెప్పుకున్నాను. జబ్బుపడ్డవాళ్ళు, వీసా అందనివాళ్ళు, ఊళ్ళో పిల్లల పరీక్షలు. రెండో వారం సగం మనవుల దగ్గరే ప్రాజెక్టు గుర్తొచ్చేది. మా గ్రూపులో అలేఖ్య, భార్గవ్, నేను. అలేఖ్య నా పక్క సీటే. ఇద్దరం ల్యాప్‌టాప్ తెరిచి సర్క్యూట్‌లో తప్పెక్కడుందో వెతికేవాళ్ళం. పావు తక్కువ ఏడు కాగానే ఆ పిల్లే నా మోచేయి పొడిచి, "నీ కాల్ టైమ్" అని గుర్తు చేసేది. నొక్కేదాన్ని, కట్ చేసేదాన్ని, మళ్ళీ స్క్రీను చూసేదాన్ని.

మూడో వారం నుంచి అది కూడా లేదు. మిస్డ్ కాల్ ఇవ్వడం, కళ్ళు మూసుకోవడం, నిద్ర. ఆ నిద్ర ఎంత తీపిగా ఉండేదో! మొదట్లో సిగ్గేసింది. తర్వాత సిగ్గు కూడా అలిసిపోయింది. దేవుడికి నా అవస్థ తెలీదా అనుకున్నాను. ఇంటికెళ్ళగానే అమ్మ ఫ్రిజ్ దగ్గర నిలబడి రోజూ ఒకే ప్రశ్న వేసేది, "ప్రార్థన చేసుకున్నావా?" "ఆఁ" అనేదాన్ని. అబద్ధం చెప్పడానికి ఒక్క అక్షరం సరిపోతుందని అప్పుడే తెలిసింది.

మార్చి ఆరు, ఆదివారం. ముందు రోజంతా భార్గవ్ వాళ్ళింట్లో సర్క్యూట్ బోర్డు ముందు కూర్చున్నాం. అసలు పడుకున్నానో లేదో గుర్తు లేదు. పొద్దున్న కిందికి దిగితే ఎదుటి బిల్డింగు కనిపించలేదు. పాలు ఒలికినట్టు పొగమంచు. మా బస్సు డ్రైవరు నూర్ మొహమ్మద్ చాచా లైట్లన్నీ వేసి, బిస్మిల్లా అని నెమ్మదిగా కదిలించాడు. ఆ పెద్ద రోడ్ల మీద మంచు పడితే బళ్ళు ఒకదాని వెనక ఒకటి గుద్దుకోవడం ప్రతి చలికాలం వార్తల్లో చూసేదే. నేను మాత్రం సీట్లో కూలబడి, ప్రాజెక్టు గ్రూపులో టింగు టింగుమని వచ్చే మెసేజీలు పడలేక ఫోను సైలెంట్‌లో పెట్టాను. ఆ రోజు అలేఖ్య రాలేదు. పొడిచి లేపేవాళ్ళు లేరు.

కళ్ళు తెరిచేసరికి కాలేజీ గేటు. టైము ఎనిమిదిన్నర. ఫోనులో పదకొండు మిస్డ్ కాల్స్. పది సువార్తమ్మవి, ఒకటి చార్టులో నా తర్వాత ఉన్న వెల్డరు దేవదానం అన్నయ్యది. వెంటనే ఆమెకి చేశాను. మోగలేదు, స్విచ్ ఆఫ్. పనిలో పడి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుని ల్యాబుకి పరుగెత్తాను. ఇంటికెళ్ళాక అమ్మ అడిగింది. "ఆఁ" అన్నాను.

మర్నాడు మిస్డ్ కాల్ ఇస్తే మళ్ళీ స్విచ్ ఆఫ్. ఆ మర్నాడూ అంతే. గురువారం సాయంత్రం అమ్మకి ఎవరో కొత్త నంబరు నుంచి ఫోను. అమ్మ చేతులకి పిండి ఉండి స్పీకరు పెట్టింది. మాట్లాడింది చంద్రవ్వ అనే ఆవిడ, సువార్తమ్మ పనిచేసే విల్లా పక్కింట్లో వంటమనిషి, నిర్మల్ వైపు మనిషి.

"అమ్మా, మీ సువార్తక్క చెప్పుమంటె చేస్తున్న. గామె ఫోను మేడమ్ గుంజుకున్నది. శుక్రారం సుట్టి సుత నెలదాక బందు. ఐతారం నాడు పొద్దుగాల గామె స్టోరు రూముల మోకాళ్ళమీదికెల్లి లేవనేలేదట. స్కూలు బస్సు వచ్చి పోయింది. చిన్న పోరడు గేటు దీసుకొని మంచుల రోడ్డు మీదికి పోయిండు, నేనే పట్టుకొచ్చిన. మేడమ్‌ది సుత తప్పనలేం."

చంద్రవ్వ పెట్టేసే ముందు ఇంకొకటి అడిగింది, "మీ బిడ్డ మంచిగున్నదా? గది తప్పక అడుగుమన్నది." బాగానే ఉందమ్మా, పరీక్షలు జరుగుతున్నాయని అమ్మ చెప్పింది. ఫోను పెట్టేశాక నా వైపు చూసి, అంత కష్టంలో కూడా నిన్ను తలుచుకుంది చూడు అని కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం, నా నిద్ర సంగతి సువార్తమ్మకి తెలిసిపోయింది, ఎత్తిపొడవడానికే అలా అడిగించింది అనుకున్నాను. నా పాడుబుద్ధికి అంతకన్నా ఏం తోస్తుంది!

శుక్రవారం చివరి వరసలో గోడవార చోటు ఖాళీగా ఉంది. అమ్మ లేచి సంగతి చెప్పింది. ఆమెకి తెలిసినంతవరకే చెప్పింది, కానీ చెప్పే తీరులో అది వేరే కథ అయిపోయింది. మన సహోదరి ప్రార్థనలో మునిగి తన పని మర్చిపోయింది, దానికి శిక్ష పడింది, విశ్వాసం కోసం శ్రమపడుతోంది. హాలంతా "అయ్యో ప్రభువా" అన్నారు. వెనకెవరో ఏడ్చారు. పాస్టరుగారు, గొలుసులో ఆ సహోదరి పక్కనున్న యవ్వనస్తురాలే ఆమె కోసం ప్రార్థన చేయాలి అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ విన్న మాటలు ఎన్ని లేవు! ఆ మేడమ్ గారి మనసు మెత్తబరచమన్నాను, సహోదరి బంధకాలు తెంచమన్నాను. గొంతు కూడా సరిగ్గా వణకాల్సిన చోటే వణికింది. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. బయటికొచ్చాక ఇద్దరు ఆంటీలు నా తల నిమిరి, కాలేజీలో చదువుతూ ఇంత భారంతో ప్రార్థన చేసే పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడున్నారన్నారు. అమ్మ వాళ్ళ పక్కన నిలబడి మురిసిపోయింది. నాకు నా మీదే రోత పుట్టింది.

శనివారం మధ్యాహ్నం చెప్పేశాను. అమ్మ బీరకాయలు చెక్కు తీస్తోంది, నాన్న పేపరు చూస్తున్నాడు. ఆ ఆదివారం నేను మిస్డ్ కాల్ ఇవ్వలేదు, నిద్రపోయాను, అందుకే ఆమె లేవలేదు అన్నాను. అంతకు ముందు రెండు వారాలు మిస్డ్ కాల్ ఇచ్చి నిద్రపోయానని కూడా చెప్పాను. చెప్పడం మొదలెట్టాక ఆగలేదు.

అమ్మ చెక్కు తీస్తూనే ఉంది. కాయ సగానికి అరిగిపోయింది.

"ఇప్పుడు ఎవరికీ చెప్పకండి. పండగ అయిపోనీ. సంఘమంతా నిన్న ఏడ్చారు" అంది చివరికి.

"పండగయ్యేదాకా ఆవిడ తలుపులోపలే ఉండాలా మణీ?" అన్నాడు నాన్న. ఎత్తిపొడుపు లేదు, అలసట ఉంది. పేపరు మడిచి కారు తాళాలు తీసుకున్నాడు. నేను చెప్పులేసుకున్నాను. అమ్మ రాలేదు.

దారిలో నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. మిస్డ్ కాల్ భక్తి అని అంటాడేమోనని చూశాను. ఆ మాట మళ్ళీ ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

విల్లా మేడమ్ పేరు షహర్బాను. బ్యాంకులో ఉద్యోగం, రోజూ ఆరున్నరకే ఇల్లు వదలాలి. ఆ ఆదివారం మాత్రం కబురందగానే దారిలోంచి వెనక్కి వచ్చేసిందట. మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్ళిప్పించింది. నా వచ్చీరాని హిందీలో జరిగింది చెప్పాను. ఆమె నెమ్మదిగా విని, తనూ అయిదు పూటలా నమాజు చేసే మనిషినేననీ, సువార్తమ్మ ప్రార్థనకి ఏ రోజూ అడ్డు చెప్పలేదనీ అంది. కానీ తన ఆరేళ్ళ కొడుకు ఆ మంచులో రోడ్డు మధ్య నిలబడ్డాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించడం లేదంది. నిన్న హాలు నిండా మేం ఎవరి మనసు మెత్తబరచమని ఏడ్చామో ఆ మనిషి ఈమేనా అనిపించి తలెత్తలేకపోయాను.

"పదిసార్లు అడిగాను, లోపల ఏం చేస్తున్నావని. దువా అంటుందే తప్ప నీ పేరు చెప్పలేదు" అంది. శుక్రవారం సెలవు ఈ రెండు వారాలు కాదు, తర్వాత చూస్తానంది. మమ్మల్ని గేటు దాకా దింపిరమ్మని సువార్తమ్మని పిలిచింది.

నాన్న కారు తిప్పడానికి వెళ్ళాడు. గేటు దగ్గర ఆమె, నేను. చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ నన్ను కింది నుంచి పైదాకా చూసింది, ఎక్కడైనా దెబ్బ తగిలిందా అన్నట్టు.

"ఆవేళ ఏమైంది పాపా?"

"నిద్రపోయానాంటీ."

"నిద్రా?"

"ఆ ఒక్క రోజే కాదు. చాలా రోజులు మీకు మిస్డ్ కాల్ ఇచ్చి నిద్రపోయాను. ప్రార్థన చేయలేదు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె రెండు చేతులూ నా బుగ్గల మీద పెట్టింది. గిన్నెల సబ్బు వాసన.

"నిద్రేనా తల్లీ! బయటంతా మంచు. ఎన్నిసార్లు చేసినా నువ్వు ఎత్తలేదు. మీ బస్సు గుద్దేసిందనుకున్నాను. నేను లేస్తే నీకేమైపోద్దోనని లేవలేకపోయాను. పిల్లోడు పిలిచింది కూడా వినబళ్ళేదు. ఆ బిడ్డకేమన్నా అయ్యుంటే నేనేమైపోదును? గురువారం చంద్రవ్వ చెప్పిందాకా నువ్వున్నావో లేవో తెలీలేదు." కొంగుతో కళ్ళద్దుకుంది. "నిద్రేగా. స్తోత్రం తండ్రీ."

అంతే అంది. గేటు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది, పొయ్యి మీద ఏదో ఉందంటూ. నేను కారెక్కి ఏడ్చాను. నాన్న రేడియో పెట్టలేదు, ఊరుకోబెట్టలేదు, కరామా వచ్చేదాకా వేగంగా పోయే ఎడమ లేన్‌లోకి వెళ్ళకుండా నెమ్మదిగా నడిపాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని చార్టు వంక చూస్తూ కూర్చుంది. గేటు దగ్గర మాటలు చెప్పాను. చార్టు మీంచి చూపు తిప్పి నా మొహం చూసింది. తర్వాత, "రోజుకి ఎన్ని గంటలు పడుకుంటున్నావు?" అని అడిగింది. నేను చెప్పాను. అంత తక్కువని తనకి తెలియదంది. పక్కగదిలోనే ఉన్న మనిషికి తెలియలేదు మరి. ఆ రోజు నుంచి ఇంట్లో అమ్మ రోజూ అడిగే ప్రశ్న మారిపోయింది. ముందు పడుకున్నావా అని అడిగేది. ప్రార్థన చేసుకున్నావా అన్న రెండో ప్రశ్న అడగడం మానేసింది. అడగనప్పుడు ఆఁ అనే వీలు లేదు. చేశానో లేదో ఇక నాకూ దేవుడికీ మాత్రమే తెలియాలి. అది ఇంకా కష్టమైంది.

సువార్తమ్మ అరగంట చార్టులో ఖాళీ అయింది. అది కూడా నేనే తీసుకున్నాను. ఆరుంబావుకి వంటింట్లో మొదలెట్టి, మెట్లు దిగుతూ, బస్సు కోసం నిలబడి, బస్సెక్కాక కూడా కూర్చోకుండా కడ్డీ పట్టుకుని నిలబడి చేసేదాన్ని. నూర్ మొహమ్మద్ చాచా అద్దంలోంచి చూసి, సీట్లు ఖాళీగా ఉన్నాయి కూర్చో బేటీ అనేవాడు. కూర్చుంటే నిద్రొస్తుంది చాచా అంటే, తలాడించి బ్రేకు మెత్తగా వేయడం మొదలెట్టాడు. అయినా రెండుసార్లు నిలబడే కునికాను. ఏదో గొప్ప వెలుగు కనిపించిందని చెబితే అబద్ధం. చాలా రోజులు పేర్లు చెప్పడం తప్ప ఏమీ రాలేదు. మొదటి పేరు ఆమెది, రెండోది ఆమె కూతురిది, మూడోది మంచులో నిలబడ్డ ఆ పిల్లాడిది. ప్రాజెక్టుకి బి గ్రేడే వచ్చింది. బస్సులో ల్యాప్‌టాప్ ముట్టలేదన్న కోపంతో అలేఖ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాతి శుక్రవారం అమ్మ పండగ దాకా ఆగలేదు. ప్రార్థన మనవులు చదివే వేళ కాగితం మడిచేసి, పోయిన వారం నేను చెప్పింది సరికాదు అంది. మన సహోదరి విషయంలో తప్పు ఆ ఇంటివాళ్ళది కాదు, మా ఇంటిది, మా అమ్మాయి తన వంతు అందుకోలేదు, అది మీరూ తెలుసుకోవాలి అంది. గొంతు వణకలేదు. నేను లేచి నిలబడ్డాను, నిలబడాలనిపించింది. ఎవరూ ఆమెన్ అనలేదు. నా తల నిమిరిన ఆంటీలు కిందికి చూశారు. ఆరాధన అయ్యాక గేటు దాకా అమ్మ నా చేయి పట్టుకునే నడిచింది. అలా పట్టుకుని ఎన్నేళ్ళయిందో.

ఆ పై శుక్రవారం గుడ్ ఫ్రైడే. ఏడాదంతా మేం లోకం కన్నా రెండు రోజులు ముందు ఆరాధన చేసుకునేవాళ్ళం. ఆ ఒక్క రోజు మాత్రం అందరితో పాటు మాదీ అదే రోజు. పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం. హాలు కిక్కిరిసింది. రెండో మాట దగ్గర వెనక తలుపు తెరుచుకుంది. తెల్లచీర, తల మీద కొంగు. షహర్బాను మేడమ్ చెప్పిన గడువు తీరకుండానే తనే కారులో దింపి వెళ్ళిందట, ఆ సంగతి తర్వాత తెలిసింది. గోడవార చోటు ఆ రోజు ఎవరో ఆక్రమించారు. నేను జరిగి నా పక్కన చోటిచ్చాను.

పాట అందుకుంది, అందరికన్నా గట్టిగా. మూడో మాట మొదలైన కాసేపటికి ఆనడానికి గోడ లేక తల నా భుజం మీద వాలింది. సన్నగా గురక. ముందు వరసలోంచి అమ్మ వెనక్కి తిరిగింది. అలవాటు కొద్దీ లేపడానికి నా చేయి సగం లేచింది.

అమ్మ వద్దన్నట్టు తల ఊపి మళ్ళీ ముందుకి తిరిగింది.

నాలుగో మాట, అయిదో మాట. నా భుజం తిమ్మిరెక్కింది. పాస్టరుగారు ఏం చెప్పారో నేనూ సరిగా వినలేదు. ఆమె నిద్రపోయినంతసేపూ ఆమె వంతు నేను పట్టుకుని కూర్చున్నాను. ఆ ప్రార్థనలో కూడా పేర్లు తప్ప ఏమీ లేవు, కానీ ఒక్కటి కూడా నోటికి ఊరికే రాలేదు. మూడింటికి అందరూ లేచి నిలబడ్డారు. నేను లేవలేదు. ఆమె తనంతట తను లేచేదాకా లేవకూడదనుకున్నాను.